పాట మన ఫోన్‌లో ఉంది.. పాడినాయన పేరేది?

2022 జనవరి 25న కేంద్రం ప్రకటించిన పద్మశ్రీ జాబితాలో భద్రాచలం చుట్టుపక్కల సంగీతానికి రెండు పేర్లు దక్కాయి. ఒకరు గోసవీడు షేక్ హసన్ సాహెబ్. భద్రాచలం రామాలయంలో దశాబ్దాల పాటు నాదస్వరం వాయించిన ముస్లిం విద్వాంసుడు. ఇంకొకరు సకిని రామచంద్రయ్య. భద్రాద్రి కొత్తగూడెం జిల్లా మణుగూరు మండలం కూనవరానికి చెందిన కోయ కళాకారుడు. కంచుమేళం, కంచుతాళంతో సమ్మక్క సారలమ్మల కథ పాడేవారు.

హసన్ సాహెబ్ 2021లోనే చనిపోయారు. పురస్కారం ఆయన తదనంతరం వచ్చింది. రామచంద్రయ్య 2024 జూన్‌లో కన్నుమూశారు.

ఈ ఇద్దరి సంగీతం పుట్టిపెరిగింది టికెట్టు లేని చోట. ఒకటి గుడి ముంగిట్లో, ఇంకొకటి అడవి పల్లెల్లో, జాతరల్లో. మనం ఇవాళ పాటలు వినేది మాత్రం ఫోన్‌లో. సినిమా ఆల్బమ్‌లో జానపదం వస్తే సంబరపడతాం. పదిమందికి పంపుతాం, పెళ్లిలో డీజే పెట్టినప్పుడు అడిగి వేయించుకుంటాం. ఆ పాట ఎక్కడి నుంచి వచ్చింది? పాడినోళ్లకి ఏం ముట్టింది? చిన్న ప్రదర్శనకీ పెద్ద ఆల్బమ్‌కీ మధ్య పేరూ పైసా ఎట్లా నడుస్తాయి? ఖమ్మం, భద్రాచలం వైపు కుటుంబాలు తెలుసుకోవాల్సిన సంగతులు ఇవి.

ఈమధ్య ఇష్టమైన ఆల్బమ్‌లు.. వాటి వెనక ఉన్నోళ్లు

ఒకప్పుడు ఆల్బమ్ అంటే క్యాసెట్. రెండు వైపులు, కవరు మీద గాయకుల పేర్లు. తర్వాత సీడీ వచ్చింది, ఆ తర్వాత సెల్ షాపులో మెమరీ కార్డులో పాటలు వేయించుకునే కాలం నడిచింది. కవరు పోయింది, దాంతో పాటే పేర్లూ పోయాయి. ఇప్పుడు యాప్‌లో పాట వస్తుంది. కింద చిన్న అక్షరాల్లో సంగీత దర్శకుడి పేరు, హీరో బొమ్మ కనిపిస్తాయి. వెనక ఎవరు వాయించారో చూసే ఓపిక మనకీ లేదు.

ఈ నాలుగైదేళ్లలో తెలంగాణ ఇళ్లల్లో బాగా మోగిన ఆల్బమ్‌లలో ముందు చెప్పుకోవాల్సింది 2023 మార్చిలో వచ్చిన 'బలగం'. వేణు యెల్దండి దర్శకత్వం, భీమ్స్ సిసిరోలియో సంగీతం. ఈ సినిమాలోని 'ఊరు పల్లెటూరు' పాటకు కాసర్ల శ్యామ్ 71వ జాతీయ చలనచిత్ర పురస్కారాల్లో ఉత్తమ గీత రచయితగా ఎంపికయ్యారు. ఆ పాట పాడింది మంగ్లీ, రామ్ మిరియాల. భీమ్స్ సొంతూరు బయ్యారం. ఇప్పుడది మహబూబాబాద్ జిల్లాలో ఉంది గానీ 2016లో జిల్లాలు విడదీసే దాకా ఖమ్మం జిల్లాలోనిదే. 2025 సంక్రాంతికి 'గోదారి గట్టు మీద' అని ఊరూరా మోగిన పాటకు బాణీ కట్టింది కూడా ఆయనే.

'బలగం' చూసి ఏడ్చినోళ్లందరికీ చివరి పాట గుర్తుంటుంది. అది పాడింది స్టూడియో గాయకులు కాదు. వరంగల్ జిల్లా దుగ్గొండికి చెందిన బుడగ జంగాల కళాకారులు, భార్యాభర్తలు కొమురమ్మ, మొగిలయ్య. చావు జరిగిన ఇళ్ల ముందు కథ పాడి, ఆ ఇంటోళ్ల దుఃఖాన్ని మాటల్లో పెట్టడం వాళ్ల వృత్తి. సినిమాతో రాష్ట్రమంతా పేరొచ్చింది. కానీ మొగిలయ్యకు కిడ్నీలు చెడిపోయి డయాలసిస్ మీద బతకాల్సి వచ్చింది. సినిమా వాళ్లు, ప్రభుత్వం సాయం చేసినా 2024 డిసెంబర్‌లో ఆయన చనిపోయారు.

ఇక్కడ చాలామంది పొరబడేది ఒకటుంది. కిన్నెర మొగులయ్య వేరు, బలగం మొగిలయ్య వేరు. కిన్నెర వాయించే దర్శనం మొగులయ్యది నాగర్‌కర్నూల్ జిల్లా. 12 మెట్ల కిన్నెర ఆయన చేతి వాద్యం. 2021లో విడుదలైన 'భీమ్లా నాయక్' టైటిల్ పాట మొదట్లో వినిపించే గొంతు ఆయనదే. రామచంద్రయ్య, హసన్ సాహెబ్‌లతో పాటు 2022లోనే ఆయనకూ పద్మశ్రీ వచ్చింది.

ఈ ముగ్గురు, నలుగురి కథలు పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. పెద్ద ఆల్బమ్‌కి ప్రాణం పోసిన గొంతు తయారైంది స్టూడియోలో కాదు, చిన్న చిన్న ప్రదర్శనల్లో. యాభై మంది ముందు, వంద మంది ముందు ఏళ్ల తరబడి పాడితేనే ఆ గొంతుకి ఆ పదును వచ్చింది.

మన దగ్గరి చిన్న మెహఫిళ్లు

ఖమ్మంలో పెద్ద కార్యక్రమాలకి భక్త రామదాసు కళాక్షేత్రం ఉంది, పెవిలియన్ గ్రౌండ్ ఉంది. కానీ ఈ ప్రాంతపు అసలు సంగీతం ఎక్కువగా హాల్లో జరిగేది కాదు. ముఖ్యంగా నాలుగు చోట్ల వినిపిస్తుంది.

మొదటిది గుడి మేళం. నాదస్వరం, డోలు, శ్రుతి కలిసిన జట్టు. పొద్దున సుప్రభాత సేవ నుంచి రాత్రి పవళింపు దాకా ఏ సేవకు ఏ రాగం అన్న పద్ధతి ఉంటుంది. ఊరేగింపులో నడుస్తూ వాయించాలి, కల్యాణంలో తాళి కట్టే క్షణానికి మేళం పట్టు పెంచాలి. వినడానికి వచ్చినవాళ్లు ఎవరూ పాట కోసం రారు, దేవుడి కోసం వస్తారు. అయినా వాయించేవాడు తప్పు వాయిస్తే పసిగట్టే పెద్దలు ఆ జనంలోనే ఉంటారు.

ఈ పనిలో తెలుగు ముస్లింలది పెద్ద చెయ్యి. ముఖ్యంగా దూదేకుల, అంటే నూర్‌బాషా కుటుంబాలది. పత్తి ఏకడం వీళ్ల కులవృత్తి, చాలా ఇళ్లల్లో సన్నాయి రెండో వృత్తి. ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టిన షేక్ చిన మౌలానా శ్రీరంగంలో స్థిరపడి, 1977లో పద్మశ్రీ, 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ వారి సంగీత కళానిధి అందుకున్నారు. ఆయన శిష్యులైన దంపతులు కాలేషాబీ మహబూబ్, షేక్ మహబూబ్ సుభానీలకు 2020లో ఇద్దరికీ కలిపి పద్మశ్రీ ఇచ్చారు. నాదస్వరం ఊదడానికి ఊపిరి బలం కావాలి, ఆడవాళ్ల పని కాదనే మాట ఉండేది. కాలేషాబీ ఆ మాటని కచేరీ చేసి చూపించి కొట్టేశారు.

గోసవీడు కృష్ణా జిల్లా గంపలగూడెం మండలంలోని ఊరు. ఇప్పుడు ఎన్టీఆర్ జిల్లాలో, ఖమ్మం సరిహద్దుకు దగ్గర్లో ఉంది. అక్కడి నుంచి వచ్చిన హసన్ సాహెబ్ భద్రాచలం ఆస్థాన విద్వాంసుడయ్యారు. తానీషా కాలంలో పాల్వంచ తహసీల్దారుగా ఉన్న కంచర్ల గోపన్న కట్టించిన గుడి అది. గోపన్న గోల్కొండ చెరసాలలో ఉండి కట్టిన కీర్తనలే మంగళంపల్లి బాలమురళీకృష్ణ గొంతులో రేడియో ద్వారా ఇంటింటికీ చేరాయి. గోపన్న పుట్టిన నేలకొండపల్లి ఖమ్మం జిల్లాలోదే. అలాంటి గుడిలో ఒక షేక్ గారి సన్నాయితో దేవుణ్ని మేల్కొలపడం ఈ ప్రాంతంలో ఎవరికీ వింతగా తోచలేదు.

రెండోది కోయ డోలి. కోయల్లో డోలీలు అని ప్రత్యేకంగా కథ చెప్పే కుటుంబాలు ఉన్నాయి. గోత్రాల పుట్టుక, పూర్వీకుల పోరాటాలు, సమ్మక్క, సారలమ్మ, పగిడిద్దరాజుల చరిత్ర అంతా వాళ్ల నోట్లోనే ఉంటుంది. పడిగె అనే గుడ్డ మీద ఆ బొమ్మలు ఉంటాయి. బొమ్మ చూపిస్తూ, వాద్యం మోగిస్తూ పాడతారు. కోయ భాషకు రాతలో ఉన్న చరిత్ర తక్కువ. కాబట్టి ఆ పాటే వాళ్లకి పుస్తకం, రిజిస్టరు, వంశవృక్షం. ఒక డోలి పోతే ఒక గోత్రం లెక్క పోయినట్టే. రామచంద్రయ్య పోయినప్పుడు కంచుమేళం చివరి తరం పోతోందని జనం బాధపడింది అందుకే. ఇవి కాక, అడవిదున్న కొమ్ములు తలకు కట్టుకుని డోళ్లు వాయిస్తూ ఆడే కొమ్ము కోయ నృత్యం, ఆడవాళ్లు చేతులు పట్టుకుని పాడే రేలా పాటలు ఉన్నాయి.

మూడోది ఉర్సు. సూర్యాపేట జిల్లా పాలకీడు మండలంలోని జాన్‌పహాడ్ సైదులు దర్గాకి, వరంగల్ వైపు అన్నారం షరీఫ్‌లోని యాకూబ్ బాబా దర్గాకి ఖమ్మం నుంచి అన్ని మతాల వాళ్లూ పోతారు. ఈ ప్రాంతంలో హిందువుల ఇళ్లల్లో కూడా సైదులు, యాకయ్య, యాకమ్మ అనే పేర్లు కనిపించేది ఆ మొక్కుల వల్లే. ఉర్సు అంటే ఖవ్వాలీ కూడా గుర్తొస్తుంది. తెలుగు నేల మీద ఈ కళకు పెద్ద చిరునామా హైదరాబాద్ వార్సీ కుటుంబం. అజీజ్ అహ్మద్ ఖాన్ వార్సీకి 1971లో పద్మశ్రీ వచ్చింది. ఆయన మనవళ్లు నజీర్, నసీర్‌లు వార్సీ బ్రదర్స్ పేరుతో ఆ దారి కొనసాగించారు.

నాలుగోది పీర్ల పండుగ. మొహర్రం రోజుల్లో ఊరి పీర్ల చావిడి ముందు, గుండం చుట్టూ డప్పుల మీద పాడే పాటలు. చాలా ఊళ్లలో పాడేవాళ్లలో ఎక్కువమంది ముస్లింలు కారు.

సంగీతం వినొచ్చా లేదా అనేది ఒక్కో మస్లక్‌ని బట్టి, ఒక్కో ఇంటి పద్ధతిని బట్టి ఉండే మాట. ఆ నిర్ణయం ఎవరి ఇంటిది వాళ్లదే. కానీ వాయించి, పాడి పొట్ట పోసుకునే కుటుంబాలు మన చుట్టాల్లో, మన మొహల్లాలో ఉన్నాయి. వాళ్ల కష్టానికి లెక్క ఉందా లేదా అనేది మాత్రం అందరి సంగతి.

ఎదురుగా వింటే వచ్చేదేంటి?

రికార్డులో పాట నాలుగు నిమిషాలో, ఆరు నిమిషాలో ఉంటుంది. ఎన్నిసార్లు వేసినా అట్లాగే ఉంటుంది. మెహఫిల్‌లో అట్లా కాదు. ఖవ్వాల్ ఒక మిస్రా పాడతాడు. ముందు కూర్చున్న పెద్దాయన కళ్లు చెమ్మగిల్లాయనుకోండి. ఖవ్వాల్ అది చూసి అదే మిస్రాని మళ్లీ పాడతాడు, మళ్లీ పాడతాడు, ఆ మనిషి గుండె నిమ్మళించే దాకా ముందుకు పోడు. అంటే వినేవాడు కూడా పాటలో భాగస్వామి. హమ్ద్‌తో మొదలై నాత్, మన్‌ఖబత్‌ల మీదుగా పోయే ఆ వరస కూడా అక్కడ కూర్చున్నవాళ్లని బట్టి సాగుతుంది, తగ్గుతుంది.

డోలి కథ కూడా అంతే. ఏ గోత్రం వాళ్ల ఇంటి ముందు పాడుతున్నారో ఆ గోత్రం పెద్దల పేర్లు అందులోకి వస్తాయి. కొమురమ్మ, మొగిలయ్య పాడిన కథలోకి చనిపోయిన మనిషి పేరు, పిల్లల పేర్లు వస్తాయి. సినిమాలో వచ్చింది సినిమా కుటుంబం పేరుతో. ఊళ్లో పాడితే మన కుటుంబం పేరుతో. ఈ పని ఏ ఆల్బమూ చేయలేదు.

అందుకే చిన్న ప్రదర్శన ఆగిపోతే తర్వాతి తరం గొంతు తయారవడమే ఆగిపోతుంది. పోలవరం ముంపు కింద 2014లో ఖమ్మం నుంచి ఆంధ్రప్రదేశ్‌కు పోయిన మండలాల్లో కోయ పల్లెలు ఎక్కువ. ఊరు ఖాళీ అయి జనం కాలనీలకు మారితే ఇల్లు దొరకొచ్చు. కానీ పండుగ చేసుకునే చోటు, కథ వినే గుంపు చెదిరిపోతే ఆ పాటకి మళ్లీ చోటు వెతకాలి.

పైసలు ఎటు పోతాయి?

చిన్న ప్రదర్శనలో లెక్క నేరుగా ఉంటుంది. మేళానికి రోజుకింత అని మాట్లాడుకుంటారు. ఖవ్వాలీలో మెహఫిల్ పెద్దల చేతుల మీదుగా నజ్రానా వస్తుంది. డోలికి ధాన్యమో, బట్టలో, డబ్బో ఇస్తారు. తక్కువైనా ఆ పూటే చేతిలో పడుతుంది. కానీ ఏడాదికి పిలుపులు ఎన్ని అనేదే ప్రశ్న.

రికార్డు లెక్క వేరు. ఇందులో మూడు వేరువేరు హక్కులు ఉంటాయి.

ఒకటి, పాట రాసినవాళ్లకి, బాణీ కట్టినవాళ్లకి ఉండే హక్కు. తరతరాలుగా నోటికి వస్తున్న పాటకు ఫలానా రచయిత అని ఉండడు కాబట్టి ఇక్కడ ఎవరికీ ఏమీ రాదు.

రెండు, రికార్డు మీద హక్కు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం సౌండ్ రికార్డింగ్‌కి యజమాని దాన్ని తీయించిన నిర్మాత. ఈ హక్కు ప్రచురించిన తర్వాత 60 ఏళ్లు ఉంటుంది. పాట జనానిదే కావొచ్చు, ఆ రికార్డు మాత్రం డబ్బు పెట్టి తీయించినోళ్లది.

మూడు, పాడిన లేదా వాయించిన మనిషి హక్కు. చట్టం దీన్ని ప్రదర్శకుడి హక్కు అంటుంది. ఇది 50 ఏళ్లు ఉంటుంది. 2012 సవరణతో చేర్చిన 38ఏ సెక్షన్ ప్రకారం, సినిమాలో వాడుకోవడానికి రాసిచ్చాక ఆ నిర్మాతను ఆపలేరు గానీ, ఆ ప్రదర్శనను వ్యాపారంగా వాడితే రాయల్టీ అడిగే హక్కు మాత్రం మిగులుతుంది. 38బీ సెక్షన్ ఇంకో హక్కు ఇచ్చింది. పాడింది ఫలానా మనిషి అని పేరు వేయమని అడగొచ్చు. పాటను చెడగొట్టి పరువు తీస్తే అభ్యంతరం చెప్పొచ్చు.

కాగితం మీద బాగానే ఉంది. ఆచరణలో ఊరి కళాకారుడికి ఒకేసారి కొంత చేతిలో పెట్టి సంతకమో, వేలిముద్రో తీసుకుంటే ఆ కాగితంలో ఏముందో చదివి చెప్పేవాళ్లు ఉండరు. గాయకుల తరఫున రాయల్టీ వసూలు చేసే సంఘం 2013 నుంచి దేశంలో ఉన్నా, అందులో సభ్యత్వం తీసుకోవాలని అడవి పల్లెలో ఎవరు చెప్తారు?

యూట్యూబ్ సంగతి కూడా ఇంతే. ప్రకటనల డబ్బు పాడిన మనిషికి కాదు, వీడియో పెట్టిన చానెల్‌కి వస్తుంది. అదీ చానెల్‌కి కనీసం 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ, లేదంటే 90 రోజుల్లో కోటి షార్ట్స్ వీక్షణలు ఉంటేనే. పాడినాయన పేరు మీద చానెల్ లేకపోతే, లక్షల మంది చూసినా ఆయన ఖాతాలో పడేది సున్నా.

పురస్కారం వస్తే బతుకు మారిపోతుందా?

పద్మశ్రీతో పతకం, ప్రశంసాపత్రం వస్తాయి. నగదు ఉండదు. ఈ విషయం చాలామందికి తెలియదు. డబ్బు ఇస్తే రాష్ట్ర ప్రభుత్వాలు విడిగా ఇవ్వాలి. 2022లో అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ రామచంద్రయ్యకు కోటి రూపాయలు, ఇంటి స్థలం ప్రకటించారు. 2024 ఫిబ్రవరిలో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి పద్మ పురస్కార గ్రహీతలకు రూ.25 లక్షలు, నెలకు రూ.25 వేల పింఛను ప్రకటించారు. ప్రకటన వేరు, చేతికి అందడం వేరు. పద్మశ్రీ వచ్చాక కూడా కిన్నెర మొగులయ్య కూలి పనికి పోతున్నారన్న వార్తలు 2024లో అందరూ చూశారు.

పురస్కారం అందని వందల మందికి ఉన్న దారి కళాకారుల పింఛను. 60 ఏళ్లు దాటి, ఆదాయం తక్కువ ఉన్న కళాకారులకు కేంద్ర సాంస్కృతిక శాఖ నెలకు గరిష్ఠంగా రూ.6,000 దాకా సాయం చేసే పథకం ఉంది. దీనికి ఏళ్ల తరబడి ప్రదర్శనలు ఇచ్చినట్టు రుజువు కావాలి. ఫొటోలు, కరపత్రాలు, పేపర్ కటింగులు, సన్మాన పత్రాలు లాంటివి. ఊరి మేళగాడి దగ్గర ఇవేవీ ఉండవు. నలభై ఏళ్లు వాయించినా, వాయించాడని చెప్పే కాగితం లేక ఆగిపోతాడు.

మన ఇళ్లల్లో చేయదగిన పనులు

ఇంట్లో పిల్లల చేతిలో ఫోన్ ఎట్లాగూ ఉంది. దాన్నే ఈ పనికి వాడొచ్చు.

ఎవరి పాటైనా రికార్డు చేసేముందు అడగాలి. సొంతంగా వినడానికో, చదువు కోసమో రికార్డు చేసుకుంటే చట్టం తప్పు పట్టదు. నలుగురికీ పెట్టాలంటే మాత్రం ఒప్పుకోలు తీసుకోవడం మర్యాద, పద్ధతి కూడా.

వీడియో పెడితే కళాకారుడి పేరు, ఊరు, వాద్యం పేరు, తేదీ రాయాలి. 'పాత జానపదం' అని రాసి వదిలేయొద్దు. రేపు ఆయన పింఛను దరఖాస్తుకి అదే రుజువు అవుతుంది.

పెళ్లికో, వలీమాకో, ఉర్సుకో మేళాన్ని పిలిస్తే పిలుపు కాగితంలో వాళ్ల పేరు వేయించి ఒక కాపీ వాళ్లకివ్వాలి. డబ్బులు ఫోన్‌పేలో వేస్తే ఆ లావాదేవీ కూడా ఒక రికార్డే.

చుట్టాల్లో ఎవరికైనా రికార్డింగ్ అవకాశం వస్తే సంతకం పెట్టేముందు చదువుకున్న పిల్లల చేత ఆ కాగితం చదివించాలి. ముఖ్యంగా మూడు విషయాలు చూడాలి. పేరు వేస్తారా, ఒకేసారి ఇచ్చే మొత్తం ఎంత, తర్వాత రాయల్టీ ఉందా.

అన్నిటికంటే తేలికైన పని ఒకటుంది. దగ్గర్లో మేళమో, మెహఫిలో, డోలి కథో జరిగితే పిల్లల్ని తీసుకుని పోయి కూర్చోవడం. ముందు వరసలో నలుగురు శ్రద్ధగా కూర్చుంటే పాడేవాడి గొంతు లేస్తుందని ఏ ఖవ్వాల్‌ని అడిగినా చెప్తాడు. హసన్ సాహెబ్ పేరు ఢిల్లీకి చేరడానికి ఒక జీవితం పట్టింది, అది చేరేసరికి ఆయనే లేరు. ఇవాళ వాయిస్తున్న వాళ్ల పేర్లు మనకి ఇవాళే తెలియాలి.